పద్దుల కాపరి

(ప్రసంగ పాఠము)

పాలు పోయించుకొని గోడమీది క్యాలెండరులో గీత పెట్టు ఇల్లాలు మొదలుకొని, కోట్లకొలది ఖాతాలు నడుపు బ్యాంకువరకు, లెక్క వ్రాయని వారెవరును లేరు. లెక్క వ్రాయుట కొంత సులభము. వ్రాసినది చెడకుండ నిలుపుట, కావలసినప్పుడు క్షణములో వెదకి తీయుట, వేర్వేరు పుస్తకములలోని పద్దులను తప్పులేక ఒకచోట కూర్చుట కష్టము. ఈ కష్టమైన పని నేడొక ప్రత్యేక విద్యగా పెరిగినది. మొదటి రెండు పనులకు డేటాబేస్ నిర్వహణమని పేరు. మూడవదానిని డేటా ఇంటిగ్రేషన్ అందురు. సమాచారమును సంధించుట అని మనము చెప్పుకొనవచ్చును. ఈ విద్య నేర్చుటకు ఏయే సాధనములున్నవి, వానిని ఏ క్రమమున వాడుకొనవలెను అనునది నేటి మా ప్రసంగ విషయము.

ఇంత శాస్త్రీయమైన విషయమును ఇండ్లలోని శ్రోతల ముందుంచుటకు కారణము కలదు. హైదరాబాదులోని అమీర్‌పేట వీధులలో నడచినవారు అచ్చటి మేడలకు వ్రేలాడు కోర్సుల బోర్డులను చూచియే యుందురు. డిగ్రీ ముగించిన కుమారుడో కుమార్తెయో వచ్చి ఫలానా కోర్సుకు ఇంత ఫీజు కట్టవలెననగానే తల్లిదండ్రులు అప్పో సొప్పో చేసి కట్టుచున్నారు. ఆ సొమ్ము దేనికి కట్టుచున్నామో, కట్టకయే నేర్చుకొనదగినది ఎంత యున్నదో వారికి తెలియుటలేదు. అట్టి యిండ్లకు ఈ మాటలు కొంత ఉపకరించునని మా ఆశ.

ముందుగా విద్యయొక్క స్వరూపము తెలిసికొందము. మన ఊరి గ్రంథాలయమును తలచుకొనుడు. అందులో మూడు పుస్తకములుండును. ఒకటి సభ్యుల పట్టిక, రెండవది గ్రంథముల పట్టిక, మూడవది ఎవరు ఏ గ్రంథము ఏనాడు తీసికొనిపోయిరో వ్రాయు పట్టిక. మూడవ దానిలో సభ్యుని చిరునామా మరల వ్రాయరు. సభ్యత్వపు సంఖ్య మాత్రము వేయుదురు. సభ్యుడు ఇల్లు మారినచో ఒక్కచోట దిద్దిన చాలును. ఒక విషయము ఒక్కచోటనే వ్రాయవలెను, సంఖ్యల ద్వారా పట్టికలను ముడివేయవలెను అను ఈ సూత్రమును మన పాత గుమాస్తాలు అనుభవముచే నెరుగుదురు. దీనికి గణితశాస్త్రపు పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఆయన ఇంగ్లండులో జన్మించి, అమెరికాలోని శాన్ హోసే నగరమున ఐ.బి.ఎం. పరిశోధనాలయములో పనిచేయుచు, 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారము యంత్రములో ఎచ్చట, ఏ వరుసలో దాగియున్నదో అడుగువాడు తెలిసికొననక్కరలేదు. తనకు ఏమి కావలెనో చెప్పిన చాలును అనునది ఆ వ్యాసపు సారము. 1974లో అదే సంస్థవారైన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను ఇద్దరు, అట్లడుగుటకు తగిన ప్రశ్నల భాషను రూపొందించిరి. అదియే క్రమముగా ఎస్.క్యూ.ఎల్. అను పేరుతో లోకమంతట వ్యాపించినది. యాబది యేండ్లు గడచినను ఆ భాష చెక్కుచెదరలేదు. ఇట్టి స్థిరత్వము కంప్యూటరు విద్యలలో అరుదు. కావున దానిపై వెచ్చించిన కాలము వ్యర్థము కాదు.

ఇక ఈ పద్దుల కాపరి చేయు పనులు నాలుగు. ఎవరు ఏ పట్టిక చూడవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో నిర్ణయించి తాళము వేయుట ఒకటి. లక్షల వరుసలలో కోరినది వెంటనే దొరకునట్లు, నిఘంటువునకు అకారాది క్రమమువలె సూచికలు కట్టుట రెండవది. లావాదేవీలు సగములో తెగిపోకుండ చూచుట మూడవది. తండ్రి విశాఖపట్టణమునుండి హైదరాబాదులోని కుమారునకు 500 రూపాయలు పంపెననుకొందము. తండ్రి ఖాతాలో సొమ్ము తగ్గిన పిమ్మట, కుమారుని ఖాతాలో చేరకమునుపే కరెంటు పోయినచో ఆ సొమ్ము ఎవరిది? రెండు మార్పులును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. ఈ నియమమును శాస్త్రముగా తీర్చిన వారిలో జిమ్ గ్రే ప్రముఖుడు. ఆయనకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది. ఇక నాలుగవ పని నకళ్లు తీసి భద్రపరచుట. దీనిని గూర్చి కొంత విపులముగా ముచ్చటింతము.

ఈ విద్యకు సాధనములు నేడు కొల్లలుగా నున్నవి. అన్నింటికన్న మొదటి సాధనము డేటాబేసే. ఒకప్పుడు అది పెద్ద సంస్థల గదులలో మాత్రముండెడిది. నేడట్లు కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున 1986లో ఆరంభమైన కృషి, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను నామము ధరించి, నేడెవరైనను పైసా ఖర్చు లేక తెచ్చుకొని వాడుకొనదగిన డేటాబేసుగా నున్నది. బ్యాంకులును కంపెనీలును వాడునట్టి సాధనమే విద్యార్థి బల్లమీది పాత కంప్యూటరులో పనిచేయును. ఇంకను చిన్నది కావలెనన్నచో 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ కలదు. మన చేతి ఫోనులలో పేర్లను, సందేశములను నిలుపుచున్నది సాధారణముగా ఇదియే. కావున పరికరము లేదని చింతించు కాలము గడచిపోయినది.

రెండవ సాధనము ఆ డేటాబేసుతో వచ్చు మాన్యువల్. మనవారు మాన్యువల్ అనగానే మిక్సీ పెట్టెలోని కాగితమువలె తీసి ఆవల పెట్టుదురు. అది పొరపాటు. పోస్ట్‌గ్రెస్ మాన్యువలులో మొదటి భాగము ప్రవేశిక. నగరములు, వాటి ఉష్ణోగ్రతలు, వానలు అను చిన్న పట్టికలతో పాఠము మొదలగును. రెండవ భాగము ప్రశ్నల భాష. మూడవ భాగము నిర్వహణము. అందు నకలు తీయుటకును, తీసిన నకలునుండి పునరుద్ధరించుటకును ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. ఈ గ్రంథమంతయు ఉచితము. క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల దిద్దబడుచుండును. మేము ఎరిగినంతలో, కోర్సులలో చెప్పు నిర్వహణ పాఠములలో హెచ్చుభాగము దీనినుండి గ్రహింపదగినదే.

మూడవది పాఠ్యగ్రంథములు. సిల్బర్‌షాట్స్, కోర్త్, సుదర్శన్ అను మువ్వురు రచించిన గ్రంథము మన కళాశాలలలో ప్రసిద్ధము. వారిలో సుదర్శన్‌గారు బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు. ఆ గ్రంథమునకు తోడుగా పాఠముల స్లైడులను రచయితలు ఉచితముగా నందించుచున్నారు. సమాచారము అనేక యంత్రములపై చెదరియున్నప్పుడు కలుగు చిక్కులను తెలిసికొనగోరువారికి, 2017లో వెలువడిన మార్టిన్ క్లెప్‌మన్ గ్రంథము మిక్కిలి యుపయోగకరము. కాని అది రెండవ సంవత్సరపు చదువు. మొదటనే చేపట్టిన విద్యార్థి అలసిపోవును.

నాలుగవది వినిపించు పాఠములు. ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పిటెల్‌లో డేటాబేసులపై సంపూర్ణమైన పాఠావళి కలదు. వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి సర్టిఫికెట్టు పొందగోరువారే రుసుము చెల్లింతురు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆండీ పావ్‌లో అను ఆచార్యుడు చెప్పు తరగతులను కూడ ఎవరైనను ఇంటనుండి చూడవచ్చును.

ఇన్ని యుండగా శిక్షణాలయములకు ఫీజెందుకు అని మీరడుగవచ్చును. వేళకు లేపి కూర్చుండబెట్టువారు, సందేహము వచ్చినప్పుడు ప్రక్కన నిలుచువారు కొందరకు అవసరము. దానికొరకు కట్టిన సొమ్ము వృథా కాదు. రహస్యమేదో అచ్చట మాత్రమే లభించునను భ్రమతో కట్టిన సొమ్ము వృథా.

ఇక ఐదవ సాధనము. దీనిని ఏ బోర్డుమీదను చూడము. అది ఇతరులు చేసిన పొరపాట్ల కథ.

2017 జనవరి 31వ తేదీని గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక సంఘటన జరిగినది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని ఆ సంస్థవద్ద దాచుకొందురు. ఆ రాత్రి, పొద్దుపోయిన వేళ, ఒక ఇంజనీరు చెడిపోయిన నకలు యంత్రమును చక్కదిద్దుచు, దానిలోని పాత సమాచారమును తొలగింపబోయెను. కాని ఆయన ఆజ్ఞ నిచ్చినది నకలు యంత్రమునకు కాదు, అసలు యంత్రమునకు. ఒకటి రెండు సెకనులలో తప్పు గ్రహించి ఆపెను. అప్పటికే సుమారు 300 గిగాబైట్ల సమాచారములో నాలుగున్నర మాత్రము మిగిలినది.

సరే, నకళ్లున్నవి గదా యని వెదకిరి. ప్రతిదినము నకలు తీయుటకు ఏర్పాటున్నది. కాని నకలు తీయు సాధనము 9.2వ కూర్పునకు చెందినది, డేటాబేసు 9.6వ కూర్పునకు చెందినది. రెంటికిని పొసగక ఆ పని ప్రతిదినము విఫలమగుచునే యుండెను. విఫలమైనదని తెలుపు ఈమెయిళ్లు కూడ, సరియైన ముద్ర లేనందున, చేరవలసినవారికి చేరలేదు. ఇట్లు ఒకటి కాదు, ఐదు విధములైన ఏర్పాట్లలో ఏదియు ఆ వేళకు అక్కరకు రాలేదు. అదృష్టవశమున అదే ఇంజనీరు ఆరుగంటలకు ముందు వేరొక పరీక్షకొరకు తీసిన నకలొకటి యుండెను. దానినుండి పునరుద్ధరించుటకు సుమారు 18 గంటలు పట్టినది. నడుమనున్న ఆరుగంటల సమాచారము పోయినది.

ఈ కథలో మనము గౌరవింపవలసిన విషయమొకటి కలదు. ఆ సంస్థవారు దీనిని కప్పిపుచ్చలేదు. ఎక్కడెక్కడ ఏమి తప్పినదో వివరముగా వ్రాసి లోకమునకు ప్రకటించిరి. ఆ ఇంజనీరును దోషిగా నిలబెట్టలేదు. ఆ నివేదిక నేడు ఈ విద్యలో నొక పాఠ్యగ్రంథముతో సమానము. దాని సారము ఒక్కమాటలో చెప్పవలెనన్న, నకలు తీసితిననుకొనుట వేరు, నకలు తిరిగి ప్రాణము పోసికొనుట వేరు. ఊరగాయ పెట్టిన జాడీని ఏడాదికొకసారి తెరచి చూచెదమన్నచో ఏమగునో ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు.

కావున విద్యార్థులకు మా సలహా ఇది. మీ యింటి పాల లెక్కయో, కిరాణా పద్దో తీసికొని ఒక చిన్న డేటాబేసు కట్టుడు. నెలదినములు నడుపుడు. దానికి నకలు తీయుడు. పిమ్మట అసలు దానిని మీ చేతులతోనే చెరిపివేయుడు. నకలునుండి మరల నిలబెట్టుడు. ఎంతసేపు పట్టినదో, ఏమి పోయినదో కాగితముపై వ్రాసికొనుడు. ఈ పనిని మూడుసార్లు చేసినవాడు, సర్టిఫికెట్టు లేకున్నను, కాపరి అనిపించుకొనుటకు అర్హుడు. ఎన్ని సర్టిఫికెట్లున్నను ఒక్కసారియు చేయనివాడు కాడు.

ఇక సమాచార సంధానము. ఇది కల్లములో ధాన్యము నూర్చి, తూర్పారబట్టి, గాదెలో పోయుటవంటిది. వేర్వేరు చోట్లనుండి తీయుట, చక్కబెట్టుట, ఒకచోట చేర్చుట అని మూడు మెట్లు. దీనికి 1992లో బిల్ ఇన్‌మన్, 1996లో రాల్ఫ్ కింబాల్ రచించిన గ్రంథములు మార్గదర్శకములు. కింబాల్ తన గ్రంథమున కిరాణా దుకాణపు అమ్మకములను ఉదాహరణముగా గ్రహించినందున, వ్యాపారస్థుల పిల్లలకు అది తేలికగా మనసున కెక్కును. చేతిపనికి పైథాన్ భాషయు, దానిలోని పాండాస్ అను సాధనమును ఉచితములు. ఇంతవరకు గ్రంథముల సాయము చాలును. దీనిపైన మన నేలకు, మన పేర్లకు సంబంధించిన చిక్కులను ఆ విదేశ గ్రంథములు చెప్పవు.

మా అనుభవమొకటి విన్నవించెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక పట్టణమున రెండు చిన్న గ్రంథాలయముల సభ్యుల పట్టికలను ఒకటిగా కలుపు పని మాకప్పగించిరి. ఒకే మనిషి రెండుచోట్ల నున్నచో ఒక్కటిగా చేయవలెను. పేరు, ఇంటిపేరులోని మొదటి అక్షరము, వీధి మూడును సరిపోయినచో ఒకరే యని నిర్ణయించితిమి. పని ఒక్క పూటలో ముగిసినది. మాకు మిక్కిలి గర్వముగా నుండెను. పదిదినముల తరువాత ఒక వృద్ధుడు వచ్చెను. ఆయన పేరు సత్యనారాయణ. ఏండ్ల తరబడి ప్రతి సాయంకాలము పత్రికలు చదివి ఒక పుస్తకము తీసికొనిపోవు మనిషి. "నాలుగు పుస్తకాలు బాకీ ఉన్నాయి, కొత్తది ఇవ్వమంటున్నారు బాబూ. ఆ పుస్తకాల పేర్లే నేనెరగను" అనెను. బల్లకడ నున్న కుర్రవాడు "కంప్యూటరులో అలాగే ఉందండీ" అనెను. అదే వీధిలో, అదే మొదటి అక్షరముతో మరియొక సత్యనారాయణ కలడు. పుస్తకములు తీసికొన్నది ఆయన. మేము ఇద్దరిని ఒక్క మనిషిగా చేసితిమి. ఆ వృద్ధుడు ఏమియు ననలేదు. "ఇన్నేళ్లలో ఒక్క రోజు ఆలస్యం చేయలేదు" అని మాత్రమనెను. ఆ మాట మాకు నేటికిని వినబడుచునే యున్నది.

మన పేర్లు ఇట్టివి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒక్క అక్షరముగా నుండును. లక్ష్మి అను పేరును ఆంగ్లాక్షరములలో ఒకరు క్ష కారమునకు ఒక విధముగాను, మరియొకరు ఎక్స్ అక్షరముతోను వ్రాయుదురు. వివాహమైన స్త్రీ ఇంటిపేరు ఒక కాగితమున పుట్టింటిది, మరొక కాగితమున అత్తింటిది. ఒకే పేరు గల గ్రామములు జిల్లాకు నాలుగుండును. తేదీలలో 04-05 అన్నచో మనకు మే నాలుగు, అమెరికా వారికి ఏప్రిల్ ఐదు. 1991లో యూనికోడు వచ్చి తెలుగు అక్షరములకు స్థిరమైన స్థానములేర్పడినవి. కాని అంతకు వేరైన పద్ధతులలో కొట్టిన పాత దస్త్రములను తెరచినచో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడును. ఈ చిక్కులు తెలిసిన మనిషి మనయందు పుట్టిపెరిగినవాడే కావలెను. ఇచ్చట తెలుగు పిల్లల తెలుగే వారికి పెట్టుబడి.

గ్రంథాలయములో పొరపాటైనచో ఒక పుస్తకము అందదు. అదే పొరపాటు చౌకధరల దుకాణమువద్ద జరిగినచో? తెలంగాణలో లక్షలకొలది ఆహారభద్రతా కార్డులు రద్దయినవి. ముందుగా తెలుపక, కంప్యూటరు జల్లెడను నమ్మి తొలగించిరని కొందరు సుప్రీంకోర్టున మొరపెట్టుకొనిరి. 2022లో ఆ న్యాయస్థానము, సుమారు 19 లక్షల కార్డుల విషయమున క్షేత్రస్థాయిలో మరల విచారణ జరుపవలసినదని ఆదేశించినది. అనర్హులను ఏరివేయవలెననుట న్యాయమే. కాని జల్లెడలోనుండి జారినది తాలో, గింజయో చేతితో చూడక పారవేయరాదు. పట్టికలో ఒక వరుస కొట్టివేయుటకు క్షణము చాలును. ఆ వరుసలోని కుటుంబము తాము బ్రతికియున్నామని, బీదవారమేనని ఋజువు చేసికొనుటకు ఏండ్లు పట్టవచ్చును.

అందుచే సంధానము నేర్చువారికి మూడు నియమములు విన్నవించుచున్నాము. రెండు వరుసలు ఒకటేయని యంత్రము చెప్పినప్పుడు, ఎంత నమ్మకముతో చెప్పుచున్నదో అడుగుడు. సందేహమున్నవానిని వేరుగా తీసి మనిషి కంటికి చూపుడు. కలిపిన పట్టికలో ప్రతి వరుసకును అది ఎక్కడనుండి వచ్చినదో గుర్తు నిలుపుడు; అట్లయినచో తప్పును వెనుకకు తిప్పవచ్చును. పట్టికలోని మనిషి వచ్చి ఇది నేను కానని చెప్పినప్పుడు, వినుటకు ఒక ద్వారము తెరచియుంచుడు. మా గ్రంథాలయపు పనిలో ఈ మూడును లేవు. మూలపు పట్టికలను దాచియుంచితిమి గనుక ఆ వృద్ధుని లెక్క విడదీయగలిగితిమి. అది మా తెలివి కాదు, అదృష్టము.

తల్లిదండ్రులకొక మాట. పై గ్రంథములును మాన్యువలును ఆంగ్లమున నున్నవి. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు వానిని చూచి జంకుట సహజము. రోజుకు రెండు పుటలు చదివి, అర్థమైనదానిని తమ మాటలలో తెలుగున వ్రాసికొనుమని చెప్పుడు. తెలుగులో చెప్పలేకపోయినచో ఆ విషయము ఇంకను బోధపడలేదని యర్థము. రాత్రి భోజనమువద్ద "ఈనాడేమి నేర్చితివి?" అని యడుగుడు. లావాదేవీ యనగా నేమో అమ్మకు చెప్పగలిగిన పిల్లవాడు, ఉద్యోగమునకు పరీక్షించువారి యెదుట తడబడడు.

పూర్వము ఊరి లెక్కలు కరణముగారి చేతిలో నుండెడివి. ఆంధ్రప్రదేశములో 1984లో ఆ పదవి రద్దయినది. ఆ లెక్కలిప్పుడు యంత్రములలో నున్నవి. వాని వెనుక పేరు తెలియని కాపరి యొకడు రాత్రింబవళ్లు మేల్కొనియున్నాడు. కరణముగారు తప్పు వ్రాసినచో ఆయన అరుగుమీదికి వెళ్లి అడుగ వీలుండెను. ఈ క్రొత్త కాపరికి అరుగు లేదు. కావున ఆ పనికి పోవు మన పిల్లలు, తమకు కనబడని ఆ మనుష్యులను తామే తలచుకొనుచుండవలెను. పుస్తకములు, పాఠములు, పరికరములు ఉచితముగా దొరకును. ఈ తలపును మాత్రము ఇంటినుండియే తీసికొనిపోవలెను.